విదేశీ మూలధనం, కందుకూరు పొలం

భూమి వంటి వస్తువు మరొకటి లేదు. ధాన్యం తక్కువైతే దిగుమతి చేసుకోవచ్చును. యంత్రం పాతబడితే కొత్తది తెప్పించుకోవచ్చును. నేలను మాత్రం ఏ దేశమూ ఓడలలో తెప్పించుకోజాలదు. అందువల్లనే తన నేల పరదేశి పాలవుతుందేమోనన్న భయం ప్రతి వర్ధమాన దేశాన్నీ వెన్నాడుతూ వుంటుంది. మడగాస్కర్ ప్రభుత్వం దక్షిణ కొరియాకు చెందిన దేవూ సంస్థకు సుమారు 13 లక్షల హెక్టార్ల భూమిని 99 సంవత్సరాల కౌలుకు ఇవ్వబోతున్నదని 2008లో వార్త పొక్కినది. అప్పుడు రేగిన అలజడి, 2009 మార్చిలో ఆ దేశాధ్యక్షుడు పదవి వీడడానికి గల కారణాలలో ఒకటి అయినది.

మన దేశం ఈ విషయంలో జాగరూకతతోనే వున్నది. 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం ప్రకారం, విదేశంలో నివసించే విదేశీయుడు మన దేశంలో ఇచ్ఛ వచ్చినట్లు స్థిరాస్తి కొనడానికి వీలు లేదు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాడు సైతం హైదరాబాదులో ఇల్లు కొనవచ్చును గాని, పొలం కొనరాదు. పిత్రార్జితంగా సంక్రమించిన పొలాన్ని మాత్రం వుంచుకోవచ్చును. చట్టం ఇంత కట్టుదిట్టంగా వుండగా ఇక చింత ఎందుకని పాఠకులు అడుగవచ్చును. దానికి జవాబు రంగారెడ్డి జిల్లా కందుకూరులో కనబడుతుంది.

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రహదారిపై వున్న ఈ మండలం, వానమీదా బోరుబావిమీదా ఆధారపడిన మెట్ట సీమ. 2014 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి ముచ్చర్ల పరిసరాలను హెలికాప్టరు నుంచి పరిశీలించారు. కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాలలో సుమారు 19 వేల ఎకరాలలో ఔషధ నగరాన్ని నిర్మించే యోచన అప్పటిది. భూసేకరణ సంవత్సరాల తరబడి సాగినది. యాచారం మండలంలోని మేడిపల్లి, కుర్మిద్ద గ్రామాలకు సంబంధించిన సేకరణ ఉత్తర్వులను 2023 ఆగస్టులో హైకోర్టు కొట్టివేసినది. ఆ సంవత్సరం డిసెంబరులో ప్రభుత్వమే మారినది. 2024 ఆగస్టు 1న కందుకూరు మండలంలోని మీర్‌ఖాన్‌పేటలో నైపుణ్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన జరిగినది. 2025లో 7 మండలాలలోని 56 గ్రామాలను కలిపి ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థను నెలకొల్పారు. అదే సంవత్సరం డిసెంబరు 8, 9 తేదీలలో ప్రపంచ పెట్టుబడిదారులను అక్కడికే ఆహ్వానించి సదస్సు జరిపారు.

ఇక్కడ విదేశీ మూలధనం నడిచే దారిని గమనించవలసి వున్నది. పరదేశి రైతు ఇంటికి వచ్చి బేరమాడడు. అతడు ఈ దేశంలో ఒక కంపెనీని నమోదు చేయించుకొని ప్రభుత్వాన్ని స్థలం కోరుతాడు. ప్రభుత్వం తాను సేకరించిన భూమిలో కొంత కేటాయిస్తుంది. పొరుగున వున్న ఇబ్రహీంపట్నం మండలంలో పరిశ్రమలు ఈ విధంగానే వెలిసినవి. ఆదిభట్లలో టాటాలతో కలిసి అమెరికాకు చెందిన బోయింగ్ నెలకొల్పిన కర్మాగారం 2018లో ప్రారంభమైనది. కొంగరకలాన్‌లో తైవాన్‌కు చెందిన ఫాక్స్‌కాన్ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగినది. వీటివల్ల మన యువకులకు పని, పనితనం లభిస్తున్నవి. వీటిని నిందించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పరదేశి పొలం కొనలేడు, కొనవలసిన అవసరమూ అతనికి లేదు అన్నదే గ్రహించవలసిన విషయం. రైతు బేరం తన ప్రభుత్వంతోనే. కనుక ఆ బేరంలోని న్యాయాన్యాయాలకు బాధ్యత కూడా మనదే.

యజమాని స్వదేశీయుడైనంత మాత్రాన ఆ నేలపై బ్రతికేవారికి మేలు జరుగుతుందని అనుకోరాదు. ఈ సంగతి మలయా వెళ్లిన తెలుగువారికి అనుభవంలోనికి వచ్చినది. అక్కడి రబ్బరు, కొబ్బరి తోటలలో మన కుటుంబాలు తరతరాలు చెమటోడ్చినవి. తోటలలో అనేకం బ్రిటిషు కంపెనీలవి. 1981 సెప్టెంబరు 7న మలేషియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ లండన్ వాటాల బజారులో ఒక్క ఉదయంలో గత్రీ కంపెనీపై ఆధిపత్యం సంపాదించినది. ఆ విధంగా తోటలు స్వదేశీయమైనవి. కాని తరువాతి దశాబ్దాలలో అనేక తోటలు ఇళ్ల స్థలాలుగా, పట్టణాలుగా మారినప్పుడు, కూలి లైనులలో నివసించేవారికి పనీ గూడూ ఒక్కసారే పోయినవి. జెండా మారినది గాని కూలివాని తలరాత మారలేదు.

తైవాన్ చరిత్ర మరొక పాఠం చెబుతున్నది. నేడు మన ఊళ్లకు పరిశ్రమలను తెస్తున్న ఆ ద్వీపం, పరిశ్రమలకు ముందు తన సేద్యాన్ని చక్కదిద్దుకొన్నది. 1949లో కౌలును పంటలో 37.5 శాతానికి తగ్గించినది. 1953లో భూమిని దున్నేవానికి ఇచ్చినది. భూమి వదులుకొన్న భూస్వాములకు పరిహారంలో 70 శాతం బాండ్లుగాను, 30 శాతం ప్రభుత్వ పరిశ్రమలలో వాటాలుగాను చెల్లించినది. నేల పోగొట్టుకొన్నవాడు పరిశ్రమలో భాగస్వామి అయినాడు. అక్కడ భూస్వామికి దక్కిన ఆ పాటి మర్యాద, ఇక్కడ నాలుగెకరాల రైతుకు దక్కరాదా?

మనకు చట్టాలు లేకపోలేదు. 2013 నాటి భూసేకరణ చట్టం ఏ ప్రయోజనానికి భూమి తీసుకొన్నారో, సాధారణంగా ఆ ప్రయోజనానికే వాడాలన్నది. ఐదేళ్లు వాడకుండా పడివున్న భూమి మొదటి యజమానులకు గాని ప్రభుత్వ భూనిధికి గాని తిరిగి చేరాలన్నది. అభివృద్ధి చేయకుండానే ఐదేళ్లలోపు హెచ్చు ధరకు మరొకరికి అమ్మితే, పెరిగిన విలువలో 40 శాతం మొదటి యజమానులకు పంచాలన్నది. ఆ భూమిపై మూడేళ్లుగా జీవనం సాగించిన కౌలుదారునీ, కూలివానినీ కూడా బాధిత కుటుంబాలలో చేర్చినది. లావుణి పట్టాదారులకు సైతం అండ వున్నది. చేవెళ్ల డివిజనుకు చెందిన వ్యాజ్యంలో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డు భూమికి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పినది. అయితే 2017లో అమలులోకి వచ్చిన రాష్ట్ర సవరణ, కొన్ని తరగతుల ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించడానికి వీలు కల్పించినది. ఒక చేత్తో ఇచ్చినదానిని మరొక చేత్తో సడలించడం ఇట్టిదే.

ఔషధ నగరానికని ఇచ్చిన భూమిని మరొక నగరానికి వాడవచ్చునా అని ఆ గ్రామాల రైతులు అడుగుతున్నారు. ఆ ప్రశ్న అభివృద్ధికి అడ్డు కాదు. బేరంలో మాట నిలుపుకోవాలన్న కోరిక మాత్రమే. నగరం రావచ్చును, విదేశీ మూలధనమూ రావచ్చును. అయితే భూమి ఇచ్చినవానికి సకాలంలో ధర, ఇంటికొక ఉద్యోగం, పెరిగే విలువలో వాటా ఈ మూడూ వ్రాతపూర్వకంగా ముందే దక్కవలె. ఈ చట్టాలలోని ముఖ్య నిబంధనలను ఉపాధ్యాయులు తరగతిలో చదివి వినిపిస్తే, ఆ పిల్లలలో కొందరైనా గ్రామసభలో తమ తండ్రుల ప్రక్కన కూర్చొని, వ్రేలిముద్ర వేయకముందే ఆ కాగితంలో ఏమున్నదో చదివి చెప్పగలుగుతారు.