పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

అమెరికాలో పికప్ ట్రక్కులకు పెద్ద టైర్లు వేయించడం మామూలే. లుక్ అదిరిపోతుంది కానీ, చిక్కంతా స్పీడోమీటర్‌తోనే. ఎందుకంటే అది లెక్కపెట్టేది చక్రం తిరిగే చుట్లను. 31 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే, ఒక్కో చుట్టుకు బండి 6 శాతానికి పైగా ఎక్కువ దూరం వెళ్తుంది. అంటే మీటర్‌ లెక్కలో స్పీడు 65 మైళ్లే అయినా, బండి దాదాపు 69తో పోతున్నట్టే! తిరిగిన మైళ్లు కూడా తక్కువే నమోదవుతాయి. దాంతో సర్వీసింగ్ లేటవుతుంది.

మరి సరిచేసేదెలా? పాత ట్రక్కుల్లో గేర్‌బాక్స్ దగ్గరుండే స్పీడోమీటర్ గేర్ మార్చాలి. కొత్తవాటిలో బండి కంప్యూటర్‌లో టైరు సైజు మార్పించాలి. అయితే ముందు జీపీఎస్ స్పీడుతో పోల్చి చూసుకోండి. కంపెనీ మీటర్లు మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తాయి కాబట్టి, అసలు తేడా ఎంతో అప్పుడే తేలుతుంది.