తాత పాట పరిశోధనకు, మనవడు ఎంపీసీకి

కూటి కోసం కోటి విద్యలన్నారు పెద్దలు. పేదింటి పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ కోటిలో రెండే మిగిలాయి: ఎంపీసీ, బైపీసీ. పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున సర్కారు బడి హెడ్మాస్టరును అడగండి, గురుకులం ప్రిన్సిపాలును అడగండి, ఇదే మాట. సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, నాటకం, చిత్రలేఖనం ఇవన్నీ కడుపు నిండినవాళ్ల వ్యవహారమట. ముందు ఇల్లు గట్టెక్కాలి, కవిత్వం సంగతి తర్వాత చూసుకోవచ్చట. ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు, పిల్లల మేలు కోరేవాళ్లే. దానికి అంత బలం వచ్చింది అందువల్లే. గట్టిగా కాదనాల్సింది కూడా అందుకే.

ప్రభుత్వాలు ఈ మాటనే విధానం చేసుకున్నాయి. 2008లో ఆర్‌జీయూకేటీ పెట్టి బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పల్లె పిల్లల కోసం ట్రిపుల్ ఐటీలు తెరిచారు. సర్కారు బడిలో చదివినవారికి అదనపు మార్కులు కలిపి మరీ సీట్లిచ్చారు. మంచి పని, సందేహం లేదు. కానీ అక్కడ దొరికే పట్టా ఇంజనీరింగ్ పట్టా ఒక్కటే. కూలివాళ్ల అమ్మాయి చరిత్రకారిణి కావాలనుకుంటుందేమోనని, ఆమెకూ ఇలాంటి దారి ఒకటి వేద్దామని ఎవరికీ తోచలేదు. బడుల్లోనూ అంతే. అటల్ టింకరింగ్ ల్యాబుకు నీతి ఆయోగ్ ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. సెప్టెంబరు 26న సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం చేసుకుంటుంది. ఆ సందర్భంగా హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి దాని పరిశోధన సంస్థలు బడి పిల్లలకు తలుపులు తీస్తాయి, పిల్లలు సూక్ష్మదర్శినిలో కణాన్ని చూసి ఆశ్చర్యపోతూ ఇంటికి వెళతారు. సీసీఎంబీకి కూతవేటు దూరంలో తార్నాకలో రాష్ట్ర అభిలేఖాగారం ఉంది. అందులో మొగలుల నాటి పారసీ కాగితాలున్నాయి. ఆ పక్కనే ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ. పిల్లలు దాని ముందు వరసగా నిలబడి ఫొటో దిగి బస్సెక్కుతారు. లోపల ఏం చదువుతారో వాళ్లకు చెప్పే నాథుడు లేడు.

దీనికి శాస్త్రవేత్తలను తప్పుపట్టి లాభం లేదు, వాళ్లు తమ పని చేసుకున్నారు. అడగాల్సింది మన భాషా శాఖల్ని, చరిత్ర శాఖల్ని, లలిత కళల శాఖల్ని.

జానపద పరిశోధననే తీసుకోండి. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద పనిచేసి దారి వేశారు. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జానపద సంస్కృతికి ఒక అధ్యయన కేంద్రమే ఉంది. ఒగ్గు కథ మీద, చిందు యక్షగానం మీద, శారద కథ మీద సిద్ధాంత గ్రంథాలు వచ్చాయి. పరిశోధకుడు టేప్‌రికార్డరు పట్టుకుని ఊరికి వెళ్లాడు. ముసలాయన చేత రాత్రంతా పాడించుకున్నాడు. తిరిగొచ్చి డాక్టరేటు తెచ్చుకున్నాడు. అదీ జరగకపోతే ఆ పాటలు పాడినవాళ్లతోనే పోయేవి కనుక ఆ పనిని తక్కువ చేయను. మరి ఆ ముసలాయన మనవడో? గురుకులంలో ఇంటర్ ఎంపీసీ. తన తాత గొంతు ఒక విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉందని వాడికి తెలియదు. ఆ పాటను తూచి, పోల్చి, దాని వయసు తేల్చి, దానిలోని కులాన్నీ కోపాన్నీ విప్పి చూపే చదువు ఒకటుందని, దానికి ఎంఏ ఉందని ఎవరూ చెప్పలేదు. విశ్వవిద్యాలయానికి ఆ ఇల్లు పాట ఇచ్చేవాళ్లుగా కావాలి, చదువుకునేవాళ్లుగా అక్కర్లేదు.

సన్మానాలకు మాత్రం కొదవ లేదు. కిన్నెర దర్శనం మొగిలయ్యకు 2022లో, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు, బుర్రవీణ దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీలు వచ్చాయి. బడి మెట్లెక్కని కవి అందెశ్రీకి కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇవ్వాల్సిందే. తల నెరిశాక శాలువా కప్పే చేతులు, పద్నాలుగేళ్ల వయసులో చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లడానికి ఎందుకు రావు?

ఒక మాట ఇక్కడే చెప్పేయాలి. మనవడు కూడా కిన్నెర పట్టాలని నా వాదన కాదు. కులవృత్తికి కళ అని పేరు పెట్టి మళ్లీ పిల్లల నెత్తిన మోపడం ఇంకో రకం మోసం. వాడు గ్రీకు నాటకం చదవనీ, బౌద్ధ తర్కం చదవనీ, సినిమా ఎడిటింగ్ నేర్చుకోనీ, అన్నీ చూశాక తిరిగి ఎంపీసీకే పోనీ. చూసి వద్దనుకోవడం వేరు, చూపించకుండా వద్దనిపించడం వేరు.

ఉద్యోగాల మాటకు వద్దాం. అసలు వాదన అదే కదా. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఒక పూట కూర్చుని చూడండి. అక్కడ పుస్తకాల మీద వంగి ఉన్నవాళ్లలో బీటెక్ చేసినవాళ్లు ఎందరో. చదువుతున్నది శాతవాహనులు, రాజ్యాంగం, కులవ్యవస్థ, తెలంగాణ ఉద్యమం. గ్రూప్-1 మెయిన్స్‌లో, అర్హత కోసం పెట్టిన ఇంగ్లీషును పక్కనపెడితే, ఆరు పేపర్లు. శాస్త్ర సాంకేతికాలు, డేటా విశ్లేషణకు అందులో ఒక్కటే. తక్కినవన్నీ వ్యాసం, చరిత్ర, సంస్కృతి, సమాజం, పాలన, ఆర్థికం, ఉద్యమం. పదిహేనేళ్ల వయసులో కూడు పెట్టదన్న చదువునే పాతికేళ్ల వయసులో అప్పు చేసి కోచింగ్ సెంటర్లో కొనుక్కుంటున్నారు. అప్పటికి చరిత్ర వాళ్లకు ప్రశ్నల బిట్లుగానే దొరుకుతుంది. ఈ తిప్పలన్నీ పడ్డాక కూడా కూడు పెట్టదనే అందామా?

కలవారికి ఈ సందేహాలు లేవు. మన శ్రీసిటీలోనే క్రియా విశ్వవిద్యాలయం ఉంది. సాహిత్యం, చరిత్ర, కళలు కలిపి చెప్పే డిగ్రీకి అక్కడ ఏడాదికి లక్షల్లో ఫీజు. ఉపకార వేతనాలూ ఇస్తారు, కాదనను. కానీ ఆ పేరు నాయుడుపేట గురుకులంలో ఎందరు విన్నారు? డబ్బున్న ఇంట్లో ఇదే చదువును ఆలోచన పదును పెట్టేది అంటారు. లేని ఇంట్లో దానికే పనికిమాలిన గ్రూపు అని పేరు.

ఇదే వాదన వినుకొండలో గెలిచి ఉంటే జాషువా భాషాప్రవీణుడు అయ్యేవాడా? వేజెండ్ల నుంచి వచ్చిన కోలకలూరి ఇనాక్‌ను తెలుగు చదువు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌ను చేసింది. దారి లేని రోజుల్లో ఒకరిద్దరు గోడ దూకి వచ్చారు. వాళ్లను చూపించి తలుపు అక్కర్లేదనడం న్యాయం కాదు.

బయట దీనికి సమాధానం వెతికినవాళ్లున్నారు. ఎర్ల్ షోరిస్ అనే అమెరికన్ రచయిత పేదరికం మీద పుస్తకం రాస్తూ ఒక మహిళా జైలుకు వెళ్లి, పేదలు ఆ స్థితి నుంచి బయటపడటం ఎలా అని అడిగాడు. ఒక ఖైదీ ఉద్యోగం ఊసెత్తలేదు. పిల్లల్ని నాటకాలకు, మ్యూజియాలకు, కచేరీలకు, ఉపన్యాసాలకు తీసుకెళ్లండి అంది. 1995లో ఆయన న్యూయార్క్ పేటల్లోని నిరుపేదలకు తత్వశాస్త్రం, కవిత్వం, కళా చరిత్ర చెప్పే తరగతులు మొదలుపెట్టాడు. క్లెమెంటే కోర్సు పేరుతో అవి ఇంకా నడుస్తున్నాయి.

మన దగ్గర ‘విశ్వవిద్యాలయ సందర్శన’ అంటే ఇంకా ఫ్లెక్సీ, సమోసా, ‘కలలు కనండి’ అనే గంట ఉపన్యాసమే. ఆ గంటలో పిల్లలకు చప్పట్లు కొట్టడం తప్ప ఏ పనీ ఉండదు. పని ఇవ్వాలి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం కింద సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. కంపెనీ అధికారి మెకంజీ సేకరించిన కైఫీయతులు అక్కడ దొరుకుతాయి, అవి ఊళ్ల చరిత్రలే. చెరువు ఎవరు తవ్వించారో, మాన్యం ఎవరికి ఇచ్చారో వాటిలో ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్ల తన చుట్టుపక్కల ఊరి కైఫీయతును ఆచార్యుడి పక్కన కూర్చుని చదివి, ఇంటికెళ్లి నాయనమ్మ చెప్పిన కథతో పోల్చి, ఎక్కడ పొసగలేదో రాసుకొస్తే అది పరిశోధన. అదే పిల్ల వరసగా మూడు వేసవులు రావాలి. తనలాంటి ఇంటి నుంచే వచ్చి ఎంఏ చదువుతున్న అక్క ఒకరు పక్కనుండాలి.

ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త పథకం పేరూ అక్కర్లేదు. వేసవి సెలవుల్లో హాస్టల్ గదులు ఖాళీగా ఉంటాయి, గ్రంథాలయం తెరిచే ఉంటుంది. వైస్ చాన్సలర్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే మే నెలలో తెలుగు, చరిత్ర, రంగస్థలం, చిత్రలేఖనం శాఖలు ఒక్కొక్కటి ఇరవై మంది గురుకుల పిల్లల్ని రెండు వారాలు ఉంచుకుని చదువు చెప్పేలా ఉత్తర్వు మీద సంతకం పెట్టండి.