కోడలి బద్ధకానికి కారణం గొంతులో ఉంది

“డాక్టరుగారూ! గర్భసంచి తీయించుకోమన్నారు. తీయించేసుకోమంటారా?” అంటూ కూర్చుందావిడ. వయసు ముప్ఫైఎనిమిది. వెంట భర్త, అత్తగారు వచ్చారు. భర్త చేతిసంచీ నిండా స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్షల కాగితాలు, సగం సగం తాగి వదిలేసిన టానిక్కు సీసాలు.

ఏడాదిన్నరగా బహిష్టు ఎనిమిది, పది రోజులు ఉంటోందట. గడ్డలు గడ్డలుగా పోతోందట. హిమోగ్లోబిన్ 8కి దిగిపోయింది. స్కానింగులో చూస్తే గర్భసంచిలో కణుతులేమీ లేవు. అయినా, “ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంక అదెందుకు?” అన్నారట ఒకచోట. వచ్చే గురువారానికి ఆపరేషన్ కూడా ఖాయం చేసుకున్నారు. ఊరికే ఇంకో మాట అడిగి పోదామని నా దగ్గరికి వచ్చారు.

అది మే నెల. గదిలో ఫ్యాను తిరుగుతున్నా నాకు చొక్కా తడిసిపోతోంది. ఆవిడ మాత్రం పమిట భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని కూర్చుంది.

“చలిగా ఉందా అమ్మా?” అన్నాను.

ఆవిడ అత్తగారి వైపు ఓసారి చూసి, “ఎప్పుడూ ఉంటుందండీ. చెబితే నవ్వుతారని చెప్పలేదు” అంది. గొంతు బొంగురుగా ఉంది. మాట ఒక్కొక్కటే తాపీగా వస్తోంది.

“ఏం చలండీ! తినడం, పడుకోవడం. పొద్దున ఏడైనా లేవదు. ఏడాదిలో పది కిలోలు పెరిగింది. రవికెలన్నీ విప్పి కుట్టించాం. మాకూ వచ్చాయి ఈ వయసులు, మేమిలా ఉన్నామా?” అన్నారు పెద్దావిడ.

నాడి చూస్తే నిమిషానికి 56. మోచేతుల దగ్గర చర్మం పొడిబారి పొట్టు రాలుతోంది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. విరేచనం మూడు రోజులకోసారి. మడమ పైనున్న స్నాయువు మీద చిన్న సుత్తితో తడితే పాదం చటుక్కున కదిలింది గాని, వెనక్కి రావడానికి మాత్రం బాగా వ్యవధి తీసుకుంది. ఆ తాపీతనం చూశాక నాకు అనుమానం తీరిపోయింది. “ఆపరేషన్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒక్క రక్తపరీక్ష చేయించండి” అన్నాను. టీఎస్‌హెచ్ మామూలుగా 4, 5 లోపు ఉండాలి. ఆవిడకు 86 ఉంది.

థైరాయిడ్ గ్రంథి గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుకలా పరుచుకుని ఉంటుంది. ఒంట్లో ప్రతి పనీ ఏ వేగంతో జరగాలో దీని హార్మోనే నిర్ణయిస్తుంది. అది తగ్గితే గుండె, పేగులు, చర్మం, మెదడు, అన్నీ నెమ్మదిస్తాయి. మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. కూలీ పని చెయ్యకపోతే మేస్త్రీ గొంతు పెంచినట్లు, థైరాయిడ్ మందగించిన కొద్దీ పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ని ఎక్కువెక్కువగా వదులుతుంది. అందుకే ఆ అంకె పెరగడమంటే థైరాయిడ్ తగ్గిందన్నమాట. రిపోర్టులో పెద్ద అంకె చూసి “నాకు థైరాయిడ్ ఎక్కువైంది” అని చెప్పేవారు రోజుకొకరైనా వస్తారు.

మరి రక్తస్రావానికీ గొంతుకీ సంబంధమేమిటి? ఈ హార్మోను చాలకపోతే అండం నెలనెలా సరిగా విడుదల కాదు. గర్భసంచి లోపలి పొర అదేపనిగా మందమై, ఒక్కసారిగా ఊడిపడుతుంది. కొందరిలో రక్తం గడ్డకట్టే గుణం కూడా తగ్గుతుంది. ఇటువంటివారికి గర్భసంచి తీసేస్తే రక్తస్రావం ఆగుతుంది. నిజమే. జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిదిమంది. వీరిలో అక్కర్లేకుండా చేసినవెన్నో నేను చెప్పలేను గాని, ఒక్క థైరాయిడ్ పరీక్ష చెయ్యకుండా బల్ల ఎక్కించడం మాత్రం నాకు మింగుడుపడదు. అలాగని అధిక రక్తస్రావమంతా థైరాయిడ్ వల్లే అనుకోకండి. స్త్రీల వైద్యులు పరీక్ష చెయ్యవలసిందే. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడితే ఒక్కరోజు కూడా తాత్సారం చెయ్యకూడదు.

ఈ జబ్బు మగవారి కంటే ఆడవారిలో ఎన్నో రెట్లు ఎక్కువ. 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు దీన్ని వర్ణించినప్పుడే, పెద్దవయసు స్త్రీలలో వచ్చే స్థితిగా చెప్పాడు. 1891లో జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఇంజక్షనుగా ఇచ్చి ఒక స్త్రీని బాగుచేశాడు. ఆమె ఇంకో 28 ఏళ్ళు బతికింది. మన శరీరమే తన థైరాయిడ్ మీద దాడి చెయ్యడం వల్ల చాలామందికి ఇది వస్తుంది. ఆ మార్పులను 1912లో హషిమోతో అనే జపాను వైద్యుడు వర్ణించాడు. అయొడైజ్డ్ ఉప్పు వాడుతున్నా ఇది రావచ్చు. ఉడికించిన క్యాబేజీ మామూలుగా తింటే భయమేమీ లేదు.

కాన్పయిన ఏడాదిలోపు కొందరికి థైరాయిడ్ ముందు విజృంభించి, తర్వాత చతికిలబడుతుంది. “బాలింత కదా, నీరసం ఉండదా?” అని ఇంట్లో సరిపెట్టేస్తారు. తిండి బాగా తింటున్నా చిక్కిపోతూ, గుండె దడ, చేతులు వణకడం, ఉక్కపోత ఉంటే అది విజృంభించిన థైరాయిడ్ కావచ్చు. దానికి ‘భయం జబ్బు’ అని తాయెత్తులు కట్టించుకుని వచ్చినవారిని చూశాను.

సరే, మన రోగి సంగతి. థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టాను. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీ కనీసం అరగంట, వీలైతే గంట ఆగి తాగాలి. “కాఫీ లేకుండా గంటా?” అని ఆవిడ మొదటిసారి కాస్త గొంతు పెంచింది. రక్తహీనతకు రాసిన ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర నాలుగు గంటల ఎడంతో వేసుకోవాలి. లేకపోతే అవి థైరాక్సిన్‌ని ఒంటికి పట్టనివ్వవు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష చేసి మోతాదు సరిచెయ్యాలి. రిపోర్టు బాగా వచ్చిందని మాత్ర మానేయకూడదు. మాత్ర వేసుకోవడం వల్లే అది బాగా వచ్చింది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు మింగేవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. అవి కొన్నిచోట్ల పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి. నెల తప్పినట్లు తెలియగానే వెంటనే డాక్టరును కలవాలి. మొదటి నెలల్లో బిడ్డ మెదడు పెరుగుదల తల్లి హార్మోను మీదే ఆధారపడుతుంది. అప్పుడు సాధారణంగా మోతాదు పెంచవలసి వస్తుంది. భయపడి మాత్ర ఆపేయడం కంటే పొరపాటు లేదు. సన్నబడడానికని జబ్బు లేనివారు దీన్ని వాడితే గుండె మీదికి వస్తుంది.

ఎనిమిది వారాలకు 86 కాస్తా 11 అయింది. మోతాదు పెంచాం. ఆరో నెలకు బహిష్టు ఐదు రోజులకు వచ్చింది, హిమోగ్లోబిన్ 11 దాటింది. బరువు నాలుగు కిలోలే తగ్గిందని ఆవిడ ఫిర్యాదు. పెరిగిందంతా థైరాయిడ్ వల్ల కాదమ్మా అని చెప్పక తప్పలేదు. గర్భసంచి ఉన్నచోటే ఉంది.

ఆ తర్వాత ఒకరోజు అత్తగారు తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. “దీనికీ ఆ పరీక్ష రాయండి బాబూ, ఇదీ ఎప్పుడు చూసినా నీరసమంటుంది” అన్నారు. రాశాను. ఆ అమ్మాయి థైరాయిడ్ చక్కగా ఉంది. హిమోగ్లోబిన్ 9. పొద్దున ఏం తింటావని అడిగితే, పిల్లల్ని స్కూలుకు పంపాక పదకొండింటికి వాళ్ళు వదిలేసిన ఇడ్లీలు తింటానంది.