స్ముర్న రేవులో ఒక పాదిరిగారు

ప్రకటన గ్రంథములో మనము చదివే స్ముర్న, అనగా నేటి టర్కీలోని ఇజ్మీర్, 1922 సెప్టెంబరులో తగులబడింది. వెనుక మంటలు, ముందు సముద్రము. గ్రీకు, ఆర్మీనియా కాందిశీకులు లక్షలాదిగా రేవులో చిక్కుకొన్నారు. పెద్ద దేశాల యుద్ధనౌకలేమో తటస్థులమంటూ నిలిచి చూశాయి!

ఆసా జెన్నింగ్స్ అమెరికా మెథడిస్టు పాదిరి, వై.ఎం.సి.ఎ. ఉద్యోగి. క్షయవలన వెన్ను వంగిన పొట్టి మనిషి. అధికారమేమీ లేదు. అయినా లెస్బోస్ ద్వీపానికి వెళ్లి, అక్కడ నిలిచియున్న గ్రీకు ఓడలను ఇవ్వమని ఏథెన్సుకు తంతి వెంబడి తంతి కొట్టించారు. ఇవ్వకపోతే ఆ సంగతి లోకమంతటికీ చాటుతానన్నారు. ఓడలను ఆయనకే అప్పగించారు!

సెప్టెంబరు 24 నుండి వారం తిరగకముందే సుమారు రెండు లక్షలమందిని దాటించారు. పనిచేయగల వయసు పురుషులను మాత్రం టర్కీ సైన్యము ఎక్కనివ్వలేదు. తల్లులు, భార్యలు పిల్లలతోనే దిగారు. ఏథెన్సు చెంత కాందిశీకులు కట్టుకొన్న ఊరు నేఆ స్మిర్ని, అంటే కొత్త స్ముర్న.