తొట్టి నిండలేదు, తరుగలేదు

ధ్యాన భాగము: 1 రాజులు 17:8-16

తూంకుంటలో మేము గృహ దర్శనమునకు వెళ్లినప్పుడు, "రేపెట్ల, అయ్యగారూ?" అని కూలి దొరకని తల్లులు అడుగుదురు. రేపటి జవాబు మాయొద్ద లేదు. సారెపతు విధవరాలి తొట్టి నిండెనని వాక్యము చెప్పలేదు. తరుగలేదని మాత్రమే చెప్పెను.

కరవు దినములలో పాస్నెట్ దొరగారు మెదకులో ఆకలిగొన్నవారికి పని చూపి అన్నము పెట్టించిరి. 1914లో మొదలైన ఆ దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. ఏనాటి కూలి ఆనాటిదే. అయినను గోపురము లేచెను.

ప్రియులారా, ఆ విధవరాలు మొదటి అప్పము ఏలీయాకిచ్చెను. నేడు అది మా కొరకు కాదు, మీ ప్రక్కింట పొయ్యి వెలుగనివారి కొరకు.

ప్రార్థన: ప్రభువా, నేటికి చాలినది దయచేసి, అందులో పంచుకొను మనస్సు మాకిమ్ము. ఆమేన్.