ఆటగాడి అసలు ముఖం

క్రీడాకారుల ఛాయాచిత్రాలు పాఠశాలల గోడల మీద, పత్రికల పుటల్లో లెక్కలేనన్ని కనిపిస్తాయి. మెడలో పతకం, చేతిలో కప్పు, పెదవులపై చిరునవ్వు. ఆ చిత్రం ఎవరిదో కింద పేరు చదివితే గాని తెలియదు. ఒకరి పేరు తీసి మరొకరి పేరు రాసినా చిత్రానికి వచ్చే నష్టం లేదు. అందులో ఉన్నది విజయమే గాని విజేత కాదు.

ఈ అలవాటు వెనుక చరిత్ర ఉంది. గాజు పలకల మీద చిత్రాలు తీసిన తొలి రోజుల్లో కెమేరా ముందున్న మనిషి కొన్ని సెకన్లపాటు కదలకుండా ఉండాలి. ఎంతటి మల్లయోధుడైనా స్టూడియోలో బిగుసుకొని నిలబడవలసిందే. 1925లో జర్మనీ నుంచి లైకా అనే చిన్న కెమేరా విపణిలోకి వచ్చిన తరువాత ఆ నిర్బంధం సడలింది. కెమేరా మైదానంలోకి నడిచింది. బిగుసుకొని నిలబడే అలవాటు మాత్రం మనల్ని వదలలేదు.

1950 ఏప్రిల్‌లో అలాంటి కెమేరాతోనే ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ పుదుచ్చేరికి వచ్చాడు. అప్పటికి ఆ పట్టణం ఇంకా ఫ్రెంచి పాలనలోనే ఉంది. ఫ్లాష్ వెలుగు వేయడం, మనుషులను సరిచేసి నిలబెట్టడం ఆయన పద్ధతి కాదు. ఎవరి దృష్టీ పడకుండా కెమేరా మెరుపును సైతం నల్లని పట్టీతో కప్పేవాడు. అరవిందాశ్రమంలో ఆయన ఇద్దరు భిన్నమైన వ్యక్తులను చిత్రించాడు.

ఒకరు శ్రీ అరవిందులు. ఏళ్ల తరబడి ఎవరినీ ఫొటో తీయనివ్వని ఆయన ఈసారి అనుమతించారు. తాను చూస్తున్న పది నిమిషాలలో ఆయన రెప్ప వాల్చలేదని బ్రెసాన్ రాసుకొన్నాడు. అదే సంవత్సరం డిసెంబరు 5న శ్రీ అరవిందులు దేహం చాలించారు. రెండవవారు ఆశ్రమ మాత. ఎనిమిదవ ఏట టెన్నిస్ నేర్చిన ఆమె, అప్పటికి 72 ఏళ్ల వయస్సులో సముద్రతీరపు మైదానంలో ఆడుతూ ఉండేవారు. 80 ఏళ్లు నిండేవరకు ఆ ఆట మానలేదు. బ్రెసాన్ ఆమెను టెన్నిస్ మైదానంలోనూ చిత్రించాడు.

ఒకరిది నిశ్చలత, మరొకరిది చలనం. అయినా ఈ రెండింటిలో ఒక పోలిక ఉంది. కెమేరా ఎదుట ఉన్నా దానికోసం ముఖం సిద్ధం చేసుకోకపోవడమే ఆ పోలిక. అరవిందులకు అది సాధన వల్ల అబ్బిన స్థితి. అంతటి సాధన లేని మనబోటి వారికి ఆ స్థితిని కాసేపైనా ప్రసాదించేది ఆట. దూసుకువచ్చే బంతి మీద చూపు నిలిపినవాడికి తన ముఖం ఎలా ఉందో ఆలోచించే తీరిక ఉండదు.

మరి ఆ ముఖంలో వెతకవలసింది ఏమిటి? 1949లో ఆశ్రమం ప్రారంభించిన వ్యాయామ విద్యా పత్రిక తొలి సంచికకు ఇచ్చిన సందేశంలో శ్రీ అరవిందులు క్రీడాస్ఫూర్తి లక్షణాలను వివరించారు. నిగ్రహం, నియమపాలన, ప్రత్యర్థి పట్ల స్నేహభావం, నిర్ణేత తీర్పును మన్నించడం, గెలుపోటములను సమంగా స్వీకరించడం వాటిలో ముఖ్యమైనవి. గమనిస్తే, వీటిలో పెక్కు బయటపడేది ఆట సాగుతున్నప్పుడు కాదు, తీర్పు వెలువడిన మరుక్షణంలో. ఓడినవాడు చేయి చాచిన తీరు, గెలిచినవాడు ఆ చేతిని అందుకొన్న తీరు, రెండూ అక్కడే తెలుస్తాయి. ఆట ముగిసిందని ఛాయాగ్రాహకుడు కెమేరా దించేది కూడా సరిగ్గా అప్పుడే.

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్ పరుగులో పి.టి. ఉషకు కాంస్య పతకం సెకనులో నూరవ వంతు తేడాతో చేజారింది. రేఖ దగ్గర అమర్చిన యంత్రం ఎవరు ముందో, ఎవరు వెనుకో పొరపాటు లేకుండా చెప్పింది. ఉష ఎవరో అది చెప్పలేదు, చెప్పడం దాని పని కాదు. ఆ పని మరొక రకమైన ఫొటోది. దానికి కావలసింది వేగం కాదు, ఓపిక. నేటి కెమేరాలు సెకనుకు పదుల సంఖ్యలో చిత్రాలు తీస్తాయి. వాటిలో మనిషి ఉన్న చిత్రాన్ని ఏరుకోవలసిన బాధ్యత మాత్రం ఇంకా కంటిదే.

ఆ ఏరుకోవడంలో ఒక ధర్మం కూడా ఉంది. ఓటమితో కుప్పకూలిన మనిషి కన్నీటిని దగ్గరగా పట్టుకోవడమే వ్యక్తిత్వాన్ని పట్టుకోవడమని కొందరు భావిస్తారు. కన్నీరు ఎవరికైనా ఒకేలా కారుతుంది. కన్నీరు తుడుచుకొని లేచి ప్రత్యర్థి వైపు నడిచే తీరు ఒక్కొక్కరిది ఒక్కొక్క విధం. మొదటి చిత్రం మనిషి నిస్సహాయతను దొంగిలిస్తుంది. రెండవది అతని గౌరవాన్ని నిలబెడుతుంది.

మీ ఊరి పాఠశాలలో ఆటల పోటీలు జరిగినప్పుడు కెమేరా మీ చేతిలో ఉంటే బహుమతి ప్రదానం దాకా ఆగకండి. వరుసలో నిలబడి నవ్వమని పిల్లలకు చెప్పకండి. పరుగు ముగిసిన చోట కొంచెం దూరంగా నిలబడి, ఆఖరున వచ్చిన పిల్లవాడు కూడా రేఖ దాటేదాకా వేచి చూడండి. ఏళ్లు గడిచాక ఆ చిత్రం చూసిన అతని తల్లి, “అవును, వీడు ఇంతే” అనగలిగితే చాలు.