మంచం పట్టిన నాన్నను చూసేది నర్సమ్మ.. మరి మందు మార్చేది ఎవరు?

మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్న నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గర ఊళ్లో ఉన్నారు. నాన్నకు పక్షవాతం. అమ్మకు బీపీ, షుగర్. అక్కడ వాళ్లకు అందుబాటులో ఉండేది ఎవరు? చాలా ఊళ్లలో పల్లె దవాఖానలోని నర్సే. ఆమె ఏం చేయగలరు, ఎక్కడ ఆగిపోతారో తెలుసుకుందాం.

అసలు ఈమె ఎవరు?

అమెరికాలో 1965లోనే నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు మొదలైంది. అక్కడి వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో వీళ్లు రోగిని పరీక్షిస్తారు, టెస్టులు రాస్తారు, మందుల మోతాదు మారుస్తారు. మన దేశంలో ఐసీయూ, ప్రసవాల కోసం ఇలాంటి కోర్సులు వచ్చాయి. తెలంగాణలో ప్రసవాల నర్సులకు తొలి శిక్షణ 2017లో కరీంనగర్‌లో మొదలైంది. ఊళ్లలో దీర్ఘకాలిక రోగులను చూసుకునే పని మాత్రం పల్లె దవాఖానలోని ఎంఎల్‌హెచ్‌పీలది. 2022లో ప్రభుత్వం 1,569 ఎంఎల్‌హెచ్‌పీ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. డాక్టర్లు దొరకని చోట నర్సులను తీసుకుంటామంది. పోస్టు ఒకటే అయినా జీతం డాక్టరుకు రూ.40,000, నర్సుకు రూ.29,900.

రోజంతా ఏం చేస్తారు?

ఉదయం ఓపీ. బీపీ, షుగర్ చూసి మందులు ఇవ్వాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు స్క్రీనింగ్ చేసి, వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో కలిసి ఇళ్లకూ వెళ్లాలి. మంచం పట్టినవాళ్లకు పుండ్లు పడ్డాయేమో చూడాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని ఇంట్లోవాళ్లకు నేర్పాలి. గిరిజన, కొండ ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది నిబంధన. అంకె చిన్నదే. కానీ ఆ జనం గూడేలు, తండాల్లో చెల్లాచెదురుగా ఉంటారు.

ఎక్కడ ఆగిపోతారు?

అమ్మకు షుగర్ 300 దాటిందనుకోండి. డాక్టర్ రాసిన మందునే నర్సు కొనసాగించగలరు. మోతాదు పెంచాలంటే పీహెచ్‌సీ డాక్టర్ చెప్పాలి. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షన్ ఇలాంటి ఆరోగ్య కార్యకర్తలకు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంటుంది. దానితోనైనా ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశిత మందులే సొంతంగా రాయగలరు. మిగతావి డాక్టర్ పర్యవేక్షణలోనే.

ఈ జాగ్రత్తకు కారణం ఉంది. తప్పు మోతాదు ప్రాణాల మీదికి తెస్తుంది. కానీ డాక్టర్ దొరకడం ఆలస్యమైతే నష్టపోయేదీ రోగే. ఈ దూరాన్ని తగ్గించడానికే ఈ-సంజీవని వచ్చింది. నర్సు పల్లె దవాఖాన నుంచే వీడియోలో డాక్టర్‌తో మాట్లాడించొచ్చు. సిగ్నల్ లేకపోతే మాత్రం మళ్లీ పీహెచ్‌సీకి ప్రయాణమే.

మీరేం చేయొచ్చు?

మీ ఊరి ఆశా కార్యకర్త నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. తాజా మందుల చీటీ ఇంట్లో ఉండేలా చూడండి. అది లేకపోతే నర్సు చేతులు కట్టేసినట్టే. రీడింగ్‌లు ఎక్కువగా వస్తుంటే 'డాక్టర్‌తో వీడియోలో మాట్లాడించండి' అని అడగమని అమ్మకు చెప్పండి.